మా కాంచళి ఏ బల్ల మీద ఉండాలి?

"తండా పిల్లలకు లెక్కలు ఎక్కవు." ఉద్యోగంలో చేరిన కొత్తలో విన్నాం ఈ మాట. మొన్నమొన్నటి సమావేశంలోనూ విన్నాం. అనేవాళ్లు మారారు గానీ మాట మారలేదు. కొందరు జాలిగా అంటారు. కొందరు వెటకారంగా అంటారు. కొందరు రిపోర్టులో ఏదో ఒక కారణం రాయాలి కాబట్టి అంటారు. పిడుగురాళ్ల చుట్టుపక్కల, అటు కారంపూడి, బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు బడుల్లో పాఠాలు చెప్పుకుంటున్న సుగాలీ, ఎరుకల, యానాది ఇళ్ల పంతుళ్లం మేం. ఆ మాటకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాం. తిట్టి చెప్పడం మాకు చేతకాక కాదు. అయినా లెక్కల గురించి వచ్చిన మాట కాబట్టి లెక్కతోనే చెబుతాం.

ఈ కాలంలో లెక్కల్లో అందరూ నోరు తెరుచుకుని చూసే బొమ్మలు ఫ్రాక్టల్ బొమ్మలు. ఫోన్లలో తిరుగుతుంటాయి. బొమ్మలో ఒక మూలను పెద్దది చేసి చూస్తే మళ్లీ అదే బొమ్మ కనబడుతుంది. అందులో ఒక మూలను పెద్దది చేస్తే మళ్లీ అదే. ముక్కలో మొత్తం దాగి ఉంటుంది. చూసినవాళ్లకు కళ్లు తిరుగుతాయి, మనసు నిండుతుంది. "ఇదంతా కంప్యూటర్ మహిమ" అని చెబుతారు చూపించేవాళ్లు. అక్కడే మా అభ్యంతరం.

మా ఊరి పేరులోనే పిడుగు ఉంది. వానాకాలం రాత్రి సున్నపు బట్టీల మీదుగా మెరుపు పాకినప్పుడు చూడండి. పెద్ద పాయలోంచి చిన్న పాయ, అందులోంచి ఇంకా చిన్న పాయ చీలతాయి. ఒక్క పాయను విడిగా చూసినా అదీ ఒక చిన్న మెరుపే. నాగులేరులో కలిసే వాగులు, ఆ వాగుల్లో కలిసే వంకలు, ఆ వంకల్లోకి జారే చేల కాలవలు కూడా అంతే. ఇవి చూడటానికి మా పిల్లలకు కంప్యూటర్ అక్కర్లేదు. వాకిట్లో నిలబడితే చాలు.

ఈ రకం ఆకారాలకు ఫ్రాక్టల్ అని పేరు పెట్టింది బెన్వా మాండెల్‌బ్రో. 1975లో పెట్టాడు. విరిగినది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి తీశాడు. అంతకు ముందే, 1967లో, ఆయన ఒక చిన్న ప్రశ్న వేశాడు: బ్రిటన్ సముద్రతీరం పొడవెంత? ఏ కొలబద్దతో కొలిచావన్న దాన్ని బట్టి ఉంటుంది అన్నాడు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ సందులూ గొందులూ కొలతలోకి వస్తాయి, పొడవు పెరుగుతూ పోతుంది.

ఇది ఎక్కడో దూరపు సంగతి అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లు అని బడుల్లో ఏళ్ల తరబడి వల్లె వేయిస్తూ వచ్చారు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం చెబుతున్న అంకె 1,053 కిలోమీటర్లు. దేశం మొత్తానిది 7,516 నుంచి 11,098 కిలోమీటర్లకు చేరింది. కొత్తగా సముద్రమేమీ పుట్టలేదు. 1970లలో కొలిచినప్పుడు పటంలో కనబడని వంపులు ఇప్పటి సూక్ష్మమైన పటాల్లో కనబడ్డాయి. గతుకులున్నదాన్ని, వంకరలున్నదాన్ని కొలవాలంటే నున్నటి గీతల లెక్క చాలదని సర్కారు అంకెలే ఒప్పుకున్నాయి.

ఇప్పుడు పాఠ్యపుస్తకం సంగతి. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి 'గణిత ప్రకాశ్' మొదటి అధ్యాయంలోనే కోచ్ మంచు రేకు ఉంది. స్వీడన్ గణితవేత్త ఫాన్ కోచ్ 1904లో చూపిన వంకర గీతతో అల్లిన బొమ్మ అది. త్రిభుజం గీయాలి. ప్రతి భుజాన్నీ మూడు సమభాగాలు చేసి, మధ్య భాగం మీద చిన్న త్రిభుజం లేపాలి. వచ్చిన ప్రతి గీత మీదా మళ్లీ అదే పని చేయాలి. గీతలు మొదట 3, తర్వాత 12, ఆపైన 48, 192. ప్రతిసారీ నాలుగింతలు. చాలా మంచి పాఠం. పుస్తకంలో దాన్ని పెట్టినవాళ్లకు దండం పెడతాం.

కానీ ఏప్రిల్ రాకుండానే నాపరాయి కాలిపోయే పల్నాడులో మా పిల్లలు మంచు రేకును ఏనాడు చూశారు? వాళ్లు చూసింది ట్రంకుపెట్టెలో మడిచి పెట్టిన యాడి కాంచళిని. పేటియా అంచున అద్దాలను చూశారు. టుక్రి మీద కుట్టును చూశారు. ఆ కుట్టు ఎలా సాగుతుందో ఎప్పుడైనా పక్కన కూర్చుని గమనించారా? పోగుల లెక్కతో వేసే కుట్టులో మా ఆడవాళ్లు గుడ్డ మీద పెన్సిలుతో గీసుకోరు. పోగులు లెక్కబెట్టుకుంటారు. ఏక్, ది, తీన్, చార్ అని పెదాలు కదులుతూనే ఉంటాయి. పై వరసను చూసి కింది వరస వేస్తారు. కిలన్, వేలె, మాకి, రేలో అని ఒక్కో కుట్టుకూ ఒక్కో పేరు, ఒక్కోదానికీ ఒక్కో నియమం. నియమం తప్పితే బొమ్మ తప్పుతుంది. అప్పుడు విప్పి మళ్లీ కుడతారు.

పై వరసను చూసి కింది వరస వేయడం అన్నాం కదా. దాన్ని పట్టుకుని మేం తరగతిలో ఏం చేస్తామో చెబుతాం. మీరూ గళ్ల నోటుబుక్కు తీసి చేసి చూడండి.

మొదటి వరసలో ఎడమ చివర ఒక్క గడిలో కుట్టు వేయండి. రెండో వరస నుంచి ఒకటే నియమం: ప్రతి గడికీ నెత్తి మీదున్న గడినీ, దానికి ఎడమ పక్క గడినీ చూడండి. ఆ రెండింట్లో ఒక్కదానిలోనే కుట్టుంటే ఇక్కడా కుట్టు వేయండి. రెండింట్లోనూ ఉన్నా, రెండూ ఖాళీగా ఉన్నా, ఖాళీ వదిలేయండి. ఇంతే. రెండో వరసలో రెండు కుట్లు వస్తాయి. మూడో వరసలో రెండు చివర్లా ఒక్కోటి, మధ్య గడి ఖాళీ. నాలుగో వరస నిండుతుంది. ఐదో వరసలో మళ్లీ రెండు చివర్లే మిగులుతాయి. ఎనిమిదో వరస నిండుతుంది, పదహారోది నిండుతుంది.

ఇప్పుడు కొంచెం దూరం జరిగి చూడండి. త్రిభుజంలో త్రిభుజాలు, వాటిలో త్రిభుజాలు, నడుమ తలకిందులైన ఖాళీలు. పోలెండు గణితవేత్త సియెర్‌పిన్‌స్కీ 1915లో వర్ణించిన బొమ్మే ఇది, మూలమట్టం త్రిభుజంగా ఒదిగింది. ఇలాంటి గడి నియమాలకు 1980లలో స్టీఫెన్ వుల్ఫ్రామ్ వరస నంబర్లు ఇచ్చాడు. మీరు ఇప్పుడు కుట్టినది 60వ నియమం. కంప్యూటర్ చేసేది కూడా అచ్చం ఇదే పని: పై వరస చూడు, కింది వరస వేయి. అది వేగంగా చేస్తుంది, సూది నెమ్మదిగా చేస్తుంది.

ఇక కుట్లు లెక్కబెట్టండి. 4 వరసల్లో 9. 8 వరసల్లో 27. 16 వరసల్లో 81. 32 వరసల్లో 243. వరసలు రెట్టింపైనప్పుడల్లా కుట్లు మూడింతలు. ఎందుకో మా ఏడో తరగతి పిల్లలు తామే చెబుతారు: "పైనున్న బొమ్మే కింద ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి వచ్చింది సార్, మూడు బొమ్మలు." ఘాతాంకాల పాఠం అయిపోయింది. త్రిభుజంలో మొత్తం గళ్లు ఎన్ని? 10, 36, 136, 528. మరి కుట్టు ఎంత వంతు? పదింట తొమ్మిది, తర్వాత నాలుగింట మూడు, తర్వాత ఐదింట మూడు దరిదాపు, తర్వాత సగానికి తక్కువ. కుట్లు పెరుగుతూనే ఉన్నా గుడ్డ ఖాళీ అవుతూ పోతోంది. భిన్నాలంటే పారిపోయే పిల్ల కూడా ఇక్కడ ఆగి ఆలోచిస్తుంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. ఒక గీతను రెట్టింపు చేస్తే అలాంటి గీతలు 2 పడతాయి. గీతకు మితి 1. చతురస్రం భుజాన్ని రెట్టింపు చేస్తే అలాంటి చతురస్రాలు 4 పడతాయి. మితి 2. మన బొమ్మను రెట్టింపు చేస్తే పడేవి 3. అంటే ఇది గీత కన్నా ఎక్కువ, చతురస్రం కన్నా తక్కువ. దీని మితి 1కీ 2కీ నడుమ, దాదాపు 1.58. గీతా కాని, వైశాల్యమూ కాని ఈ మధ్యస్థపు వస్తువే ఫ్రాక్టల్. దాని అందం కూడా ఇందులోనే ఉంది. ఒక్కో కుట్టుకు తన నెత్తి మీద ఏముందో తప్ప ఇంకేమీ తెలియదు. త్రిభుజం వేయమని ఏ కుట్టుకూ ఎవరూ చెప్పలేదు. అయినా మొత్తం గుడ్డ మీద అంత పెద్ద క్రమం తేలుతుంది. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో పిల్లల మొహాలు చూడాలి.

మరి ఈ పనికి దక్కిన మర్యాద ఏమిటి? ఒకచోట జరిగిన బోధనోపకరణాల మేళాకు మాలో కొందరం ఇలా కుట్టించిన 32 వరసల గుడ్డను తీసుకెళ్లాం. తండా ఆడపిల్లలు, వాళ్ల యాడిలు కలిసి కుట్టిన గుడ్డ. దాన్ని హస్తకళల బల్ల మీద పెట్టించారు. లెక్కల బల్ల మీద ఒక ల్యాప్‌టాప్ ఉంది. దాని తెర మీద తిరుగుతున్నదీ ఇదే త్రిభుజం. చూడవచ్చిన ఒక పెద్దాయన గుడ్డను తడిమి "రంగులు బాగున్నాయమ్మా" అని పిల్లలను మెచ్చుకుని, తెర దగ్గరకు పోయి "ఇదీ గణితమంటే" అన్నారు. రెండు బల్లల నడుమ పది అడుగుల దూరం కూడా లేదు.

ఆయన ఒక్కడి తప్పని మేం అనం. తెర మీద ఉంటే బుద్ధి, చేతిలో ఉంటే పని అనే పాత అలవాటు అది. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు చేసిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు. సంతోషించాం. కానీ అక్కడ లెక్కకు వచ్చింది వస్తువుల సంఖ్యే. ఆ వస్తువుల లోపలి లెక్కను ఎవరు లెక్కపెట్టారు?

పట్టించుకుంటే గుర్తింపు ఎలా వస్తుందో ముగ్గును చూడండి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970లలో తమిళ కోలాలను శాస్త్రంగా చదివారు. చుక్కలను, మెలికలను వ్యాకరణ నియమాలుగా రాశారు. 'కృష్ణుడి అందెలు' అనే కోలాన్ని ఒకే నియమం మళ్లీ మళ్లీ వాడి గీయవచ్చని తర్వాత కంప్యూటర్ శాస్త్రజ్ఞులు చూపారు. వాకిట్లో ఆడవాళ్లు వేసే ముగ్గు గణిత పత్రికలకు ఎక్కింది. అమెరికా పరిశోధకుడు రాన్ ఎగ్లాష్ 1999లో ఆఫ్రికా ఫ్రాక్టల్స్ గురించి ఒక పుస్తకమే రాశాడు. జాంబియాలో బా-ఇలా జనం ఊళ్లను ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో చూస్తే, వలయంలా కట్టిన ఇంటి దొడ్లు కలిసి ఊరంత వలయం అయినట్టు ఉంటాయని చూపించాడు. ఖజురహో గుడి శిఖరంలో చిన్న శిఖరాలు పేర్చి ఉండటాన్ని మన ప్రాచీన ఫ్రాక్టల్ అని ఉపన్యాసాల్లో గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోండి, మాకేం కష్టం లేదు. గుడి శిఖరం లెక్క అయినప్పుడు, ఎరుకల ఇంట్లో ఈత బరిగెలతో అల్లిన గంప ఎందుకు కాదో అదీ చెప్పండి.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. మా అవ్వలు ఫ్రాక్టల్ కనిపెట్టారని మేం అనం. పేటియా అంచున ఒకే వరసలో అద్దాలు కుడితే అది ఫ్రాక్టల్ కాదు. అది ఒకే కొలతలో మళ్లీ మళ్లీ రావడం. ఫ్రాక్టల్ కావాలంటే వేరు వేరు కొలతల్లో అదే ఆకారం రావాలి. మా కుట్టులో ఎక్కువ భాగం సౌష్ఠవం, పునరావృతం. గంప అల్లికలో ఉన్నది సరి బేసి లెక్క. వీటిని ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి. లేని గొప్పలు అంటించుకుంటే రేపు ఒక్క ప్రశ్నకు కూలిపోతాం. మేం అంటున్నది ఇది: నియమం పెట్టుకుని, లెక్కబెట్టుకుంటూ, తప్పు పట్టుకుని దిద్దుకుంటూ క్రమాన్ని నిర్మించడం గణితపు పని. ఆ పని తెలిసిన చేతులు మా ఇళ్లలో ఉన్నాయి. ఆ చేతుల పక్కన పెరిగిన పిల్లకు 60వ నియమం నేర్పడానికి ఒక పీరియడు చాలు.

మాకు ఎదురయ్యే ప్రశ్నలు మూడు.

"మీ అవ్వలకు సంవర్గమానాలు తెలుసా?" తెలియవు. ఇటలీలో మధ్యయుగపు చర్చిల నేల మీద రంగురాళ్ల ముక్కలతో సియెర్‌పిన్‌స్కీ పుట్టక ముందే ఇలాంటి త్రిభుజాలు పరిచిన రాతిపనివాళ్లకూ తెలియవు. వాళ్ల పనిని గణిత చరిత్రలో చూపేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మా దగ్గరకు వచ్చేసరికే గుర్తొస్తుంది.

"ఇది పరీక్షల్లో వస్తుందా?" ఘాతాంకాలు వస్తాయి, భిన్నాలు వస్తాయి, సరూప త్రిభుజాలు వస్తాయి. ఇవన్నీ ఆ ఒక్క గుడ్డ మీద ఉన్నాయి.

మూడోది గట్టి ప్రశ్న, మా వాళ్లే అడుగుతారు: "లోకమంతా బీజగణితం చదువుతుంటే మన పిల్లలకు మళ్లీ సూదీ దారమేనా? చదివించింది దీనికేనా?" ఈ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. బడికి పంపిన పిల్లను తిరిగి కుట్టుకు కూర్చోబెట్టడమే అయితే మేమూ ఒప్పుకోం. కుట్టు మాకు గడప. గడప దగ్గరే కూర్చోబెట్టమని మేం అడగడం లేదు. ఆ గడప దాటి మూడు ఘాతం ఎన్‌లోకి, అక్కడి నుంచి సంవర్గమానంలోకి, అక్కడి నుంచి కంప్యూటర్ ప్రోగ్రాం రాయడంలోకి పిల్ల పోవాలి. మిగతా పిల్లలందరికీ తమ ఇంటి గడప నుంచే పాఠంలోకి దారి ఉంది. మా పిల్లలను మాత్రం గోడ ఎక్కి రమ్మంటున్నారు.

"ఎక్కవు" అనే మాట వెనుక ఇంకో పాత మాట ఉంది. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్లను దాని కింద నమోదు చేశారు. పుట్టుకను చూసి మనిషి ఏమిటో తేల్చేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. పుట్టుకను చూసి తేల్చడం మాత్రం రద్దు కాలేదు. అప్పుడు దొంగ అన్నారు, ఇప్పుడు మొద్దు అంటున్నారు. పిల్ల పలక మీద ఒక్క గీత గీయక ముందే తీర్పు వచ్చేస్తోంది.

మేం అడిగేది దయ కాదు. 2020 జాతీయ విద్యావిధానం 4.27 పేరాలో ఆదివాసీ జ్ఞానాన్ని గణితంతో సహా పాఠాల్లో చేర్చాలని రాసి ఉంది. రాసింది మీరే, అమలు చేయమంటున్నాం. ఒకటి: ఆరు, ఏడు తరగతుల్లో మంచు రేకు చెప్పే చోట, పక్కనే స్థానిక కుట్టుతో ఒక అభ్యాసం చేర్చండి. రెండు: పంతుళ్ల శిక్షణలో ఒక్క పూట కుట్టు తెలిసిన తండా స్త్రీని, అల్లిక తెలిసిన ఎరుకల స్త్రీని పిలవండి. సన్మానానికి కాదు, నేర్పడానికి. వచ్చినందుకు శిక్షకులకు ఇచ్చే డబ్బే వాళ్లకూ ఇవ్వండి. మూడు: మూల్యాంకనంలో పిల్ల చేత్తో చేసి వివరించిన లెక్కకు లెక్కల సబ్జెక్టులోనే మార్కులు వేయండి.

తోటి ఆదివాసీ టీచర్లకు కూడా ఒక మాట. ఉత్తర్వు వచ్చేదాకా ఆగనవసరం లేదు. జూన్‌లో బడి తెరవగానే గళ్ల కాగితాలు పంచండి, కుట్టు తెలిసిన తల్లిని ఒకరిని తరగతికి పిలవండి. 4, 8, 16 వరసలు కుట్టించండి, కుట్లు లెక్కబెట్టించండి. తర్వాత 64 వరసలకు ఎన్ని కుట్లు పడతాయో కుట్టకుండా చెప్పమనండి. కాసేపు వేళ్లు కదులుతాయి, తర్వాత 729 అంటుంది ఏదో ఒక వెనక బెంచీ పిల్ల. తండా పిల్లలకు లెక్కలు ఎక్కవనే వాళ్లెవరైనా ఉంటే, ఆ పూట వచ్చి ఆ తరగతిలో కూర్చోమనండి.